ఎండాకాలం, మధ్యాహ్నం షిఫ్టు

నా వీడ్కోలు సభలో మా ఆపరేషన్స్ మేనేజరు నన్ను "కొంచెం స్ట్రిక్టు" అన్నారు. హాల్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నాలుక చివర ఆగిపోయిన అసలు మాట అందరికీ తెలుసు: ప్రతిదానికీ ఫిర్యాదు రాసే మనిషి. ఆ మాట అనే ధైర్యం లేక శాలువా కప్పారు. మే నెల, ఏసీ పనిచేయని హాలు, ఉన్ని శాలువా. ఆ ఏసీ గురించి కూడా నేను అంతకుముందే రాసి ఉన్నాను.

పంజగుట్టలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో, పై అంతస్తు డయాలసిస్ యూనిట్లో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. మొదట స్టాఫ్ నర్సుగా, తర్వాత ఇన్‌చార్జిగా. ఇప్పుడు మధురానగర్‌లో మా ఇంటి చుట్టూ హాస్టళ్లే. నర్సింగూ, టెక్నీషియన్ కోర్సులూ చదివే పిల్లలు చాలామంది ఉంటారు. కిరాణా కొట్టు దగ్గర కనబడితే, "మేడం, డయాలసిస్ డ్యూటీ మస్తు ఈజీ అంట కదా, ఏసీల కూర్చునుడే అంట కదా" అని అడుగుతారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు వచ్చినవి తక్కువ, రానివి ఎందుకు రాలేదో నాకు తెలుసు.

పని పేరు దాహం

సూది పెట్టడం, ట్యూబులు కలపడం, అలారం మోగితే ఏం చూడాలో తెలియడం, ఇవన్నీ కొన్నాళ్లకు చేతికి వస్తాయి. వాటికి భయపడకండి. మీరు రోజూ చూడబోయేది దాహం.

కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషికి మూత్రం దాదాపు రాదు. తాగిన నీళ్లు తాగినట్టే ఒంట్లో నిలిచిపోతాయి. కాళ్లు ఉబ్బుతాయి, ముఖం ఉబ్బుతుంది, మరీ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరి ఆడదు. వారానికి మూడుసార్లు యంత్రం పెట్టి ఆ నీటినీ, రక్తంలో మురికినీ తీస్తాం. ఆ మధ్య రోజుల్లో రోజుకు చిన్న సీసాడు నీళ్లతో గడపమంటాం. మాత్రలు మింగడానికి కూడా అందులోవే.

చలికాలంలో ఎలాగో గడుస్తుంది. ఎండాకాలంలో ఊరు ఊరంతా నీళ్లు తాగమనే చెబుతుంది. టీవీ చెబుతుంది, బస్టాపుల్లో బోర్డులు చెబుతాయి. అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగగానే చలివేంద్రం. తడి గుడ్డ చుట్టిన కుండలు, గ్లాసు చేతికిచ్చేదాకా వదలని మనుషులు. మా వాళ్లు నాలుక పిడచకట్టుకుని వాటి పక్కనుంచి నడిచి రావాలి.

వచ్చిన పేషెంటును బరువు తూచే యంత్రం మీద నిలబెట్టి, బరువు పెరిగి ఉంటే తిట్టడం మా పెద్ద డాక్టరు పద్ధతి. "ఎన్ని నీళ్లు తాగావయ్యా? బతకాలని లేదా?" అని అందరి ముందూ అనేవారు. తిట్టు తిన్నవాడు నీళ్లు మానడు, నిజం చెప్పడం మానేస్తాడు. ఈ మాట నేను ఆయనతో అన్నాను. "సిస్టర్, మీరు నెఫ్రాలజీ ఎప్పుడు చదివారు?" అన్నారు. అప్పుడు పక్కన ఎవరెవరు నిలబడి నవ్వారో ఇప్పటికీ పేర్లు చెప్పగలను.

మీరు తిట్టకండి. ఏం కూర తిన్నారో అడగండి. ఉప్పు ఎక్కువ తిన్నవాడికి దాహం ఆగదు, ఎండాకాలం కొత్త ఆవకాయ కాలం కూడా. పడుకునే గది పైకప్పు స్లాబా, రేకులా అని అడగండి. రేకులైతే మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటున్నారో అడగండి. నోరు పుక్కిలించి ఉమ్మడం, నిమ్మచెక్క నాలుకకు రాసుకోవడం, చిన్న ఐసు ముక్క చప్పరించడం నేర్పండి. ఐసు ముక్క కూడా నీళ్లేనని గుర్తు చేయండి.

ఇంకొకటి, పొటాషియం. రక్తంలో ఉండే లవణం. కిడ్నీలు బాగుంటే ఎక్కువైనది బయటికి పోతుంది, మా వాళ్లకు పోదు. అది పెరిగితే ముందు కాళ్లలో సత్తువ పోతుంది, తర్వాత గుండె ఆగుతుంది. కొబ్బరినీళ్ల నిండా ఉండేది అదే. మన దగ్గర ఎండకు ఎవరు తూలినా మొదట చేతికిచ్చేది కొబ్బరిబొండం. ఆసుపత్రికి ఎవరినైనా చూడడానికి వచ్చేవాళ్లు తెచ్చేదీ అదే. మా గేటు ముందు బండి పెట్టుకున్న అతనికి ఒకసారి చెప్పి చూశాను.

"మా డయాలసిస్ వాళ్లకు అమ్మకు భాయ్."

"మొఖం మీద రాసుంటదా అక్క? నీ పేషెంట్ల మెడల గంట కట్టి పంపు. చప్పుడైతే ఇయ్య."

అతను పరాచికానికే అన్నాడు. కానీ మొఖం మీద రాసి ఉండదన్నది నిజం. ఆ నిజం వల్ల ఏమవుతుందో వెంకటేశం దగ్గర చూశాను.

పొడుగు చేతుల అంగీ

వెంకటేశం దర్జీ. సిరిసిల్ల వైపు మగ్గాల కుటుంబం. భార్య సుజాతతో బోరబండలో ఉండేవాడు. అమీర్‌పేట గల్లీలో పెళ్లి బట్టలు కుట్టే కార్ఖానాలో పని. మా దగ్గర ప్రభుత్వ పథకం కింద డయాలసిస్ చేయించుకునేవాడు. తెల్లవారుజామున మొదటి షిఫ్టు అతనిది. చీకటితో వచ్చి, ఎండ ముదరకముందే యంత్రం దిగి, చేతికి పట్టీ వేయించుకుని పనికి పోయేవాడు. ఆ కార్ఖానాలో మిషన్లు మొదలయ్యేదే పొద్దెక్కాక. అతను ఎక్కడి నుంచి వస్తున్నాడో ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు.

నడి వేసవిలో కూడా పొడుగు చేతుల అంగీ వేసుకునేవాడు, గుండీలు మణికట్టు దాకా పెట్టి. డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. కొన్నాళ్లకు ఆ చోట చర్మం తాడులా పొంగుతుంది. అది కనబడకుండా ఆ అంగీ.

ఒకసారి జాకెట్టు కొలత సరిచేయించుకోవడానికి ఆ కార్ఖానాకే వెళ్లాను. అతనక్కడ ఉంటాడని నాకు తెలియదు. మేడ మీద రేకుల గది. ఇస్త్రీపెట్టెల ఆవిరి, కూర్చున్న వాళ్లందరి బనియన్లూ తడిసి ఒంటికి అంటుకున్నాయి. ఇతనొక్కడే నిండు అంగీలో. నన్ను చూసి తల వంచుకుని మిషను తొక్కుతూనే ఉన్నాడు. బట్ట కత్తిరించే పెద్దాయన్ని అక్కడ అందరూ మాస్టర్ అంటారు. కార్ఖానా నడిపేదీ ఆయనే. ఆయన అందరికీ నిమ్మకాయ సోడా తెప్పించాడు.

"తాగు వెంకటేశం. నీ అంగీ చూస్తుంటేనే నాకు చెమట పడుతుంది."

"చలిగుందే మాస్టర్," అన్నాడు వెంకటేశం. అందరూ నవ్వారు. నా ముఖం చూస్తూనే ఆ సోడా మొత్తం తాగేశాడు.

తర్వాత షిఫ్టుకు వచ్చినప్పుడు నేను అడగకముందే అతనే మొదలుపెట్టాడు.

"అక్కా, నువ్వు అక్కడ నన్ను ఎరగనట్టున్నవు. నీకు పుణ్యముంటది."

"సోడా ఎందుకు తాగినవ్?"

"వద్దంటే ఎందుకొద్దంటరు. ఒక్కనాడు వద్దనొచ్చు. రోజు వద్దంటె ఏమైందిరా నీకు అంటరు."

"చెప్పెయ్యరాదు? మాస్టర్ మంచోడే ఉన్నడు కదా."

"ఇంతకుముందు కార్ఖానాల సేఠు సుత మంచోడే. చెప్పిన. జర రెస్టు తీసుకో అన్నడు, పనుంటె కబురు పెడత అన్నడు. ఇగ పెట్టలే." అంగీ చెయ్యి మడుస్తూ అన్నాడు. "పెళ్లి బట్టలక్కా ఇవి. రోగమున్నోని చెయ్యి పడ్డదని ఎరుకైతె పెండ్లివాళ్లు ముట్టుకుంటరా? మాస్టర్‌కు పట్టింపు లేకపోయినా గిరాకీకి ఉంటది."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. చెప్పలేదు. పేషెంటు జబ్బు బయట చెప్పే హక్కు మనకు లేదు. తర్వాత జరిగినదంతా చూశాక కూడా నేను ఈ మాట మార్చుకోలేదు. దీని మీద కొందరు నాతో వాదించారు, వాదించనీ.

షిఫ్టు మార్పు

ఆ ఏడు ఎండలు ముదిరిన రోజుల్లోనే పథకం పేషెంట్లను మధ్యాహ్నం షిఫ్టుకు మారుస్తున్నారని తెలిసింది. మేనేజరు గదికి వెళ్లాను.

"ఏంటి సిస్టర్ గారూ, మళ్లీ ఏంటి?" అన్నారు తల ఎత్తకుండా.

"మా పొద్దున షిఫ్టు వాళ్లను మధ్యాహ్నానికి మార్చుతున్నరట."

"అందర్నీ కాదండీ, స్కీమ్ వాళ్లని. సొంతంగా కట్టుకునేవాళ్లు పొద్దున కావాలంటున్నారు. ఆఫీసులకి వెళ్లాలి కదా వాళ్లు."

"వీళ్లు సుత పనులకు పోయేటోళ్లే సార్."

"ఎక్కడికి?"

వెంకటేశం పేరు నేను చెప్పలేను. చెప్పకపోతే ఆయన నమ్మరు. ఆ "ఎక్కడికి" అన్న మాటలో జబ్బు మనిషికి, పైగా పథకం మనిషికి, వెళ్లాల్సిన చోటు ఒకటుంటుందా అన్న అర్థం ఉంది. ఎండ సంగతి చెప్పాను. మిట్టమధ్యాహ్నం బస్సులో నిలబడి రావడం, దాహం పెరగడం, బీపీ పడిపోవడం. "ఏసీలో పడుకోవడానికే కదండీ వస్తారు," అన్నారు.

ఏసీలోకి వచ్చేముందు ఏముందో ఆయనకు తెలుసు. లిఫ్టు పక్కన చల్లగా ఉండే కూర్చునే గదిని హెల్త్ చెకప్ ప్యాకేజీల వాళ్లకు ఇచ్చేశారు. మా వాళ్లకు కింద, జనరేటరు పక్కన రేకుల షెడ్డు. పొద్దున వాళ్లు దిగి, యంత్రాలు కడిగి, దుప్పట్లు మార్చేదాకా అక్కడే కూర్చోవాలి. ఇనుప కుర్చీ మీద చెయ్యి పెడితే కాలేది. బయట ఉన్న దాహానికి తోడు ఈ దాహం మేమే పెట్టి, పైకి రాగానే బరువు తూచి తిట్టేవాళ్లం.

పెద్ద డాక్టరును అడిగాను. "అది అడ్మినిస్ట్రేషన్ విషయం," అన్నారు. ఆయన ఒక్క మాట చెబితే ఆగేది. చెప్పలేదు.

షిఫ్టు మార్చొద్దని మేనేజరుకు కాగితం రాశాను. పేషెంట్లను సంతకాలు పెట్టమన్నాను. ఇద్దరు ముసలివాళ్లు మాత్రం పెట్టారు. వెంకటేశం పెట్టలేదు.

"పెడితే ఉన్న మంచం సుత పీకేస్తరక్క. నువ్వంటె ఉద్యోగస్తురాలివి."

అందరికంటే ముందు పెట్టాల్సినవాడు అతను. అతని కోసమే ఎక్కువగా రాశాను. చనిపోయిన మనిషి మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకున్నాను.

ఆ వేసవి

మధ్యాహ్నం షిఫ్టుతో అతను దాచుకున్నది ఎక్కడికక్కడ బయటపడే పరిస్థితి వచ్చింది. పని నడుమ లేచిపోవాలి. ఊళ్లో భూమి తగాదా ఉంది, కోర్టుకు పోవాలని మాస్టర్‌కు చెప్పాడు. మాస్టర్ ఏమన్నాడో అతనే నాకు చెప్పి నవ్వాడు: "వారానికి మూడు వాయిదాలేందిరా? జడ్జికి అంగీలు కుడుతున్నవా?"

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. పెళ్లిళ్ల సీజను, చేతినిండా పని. ముందు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. తర్వాత, పూర్తికాకముందే యంత్రం దింపేయమని బతిమాలేవాడు. "ఒక షేర్వానీ ఉందక్క, రేపు పెండ్లి." దింపేయనంటే మంచం మీద లేచి కూర్చునేవాడు. తర్వాత ఒకసారి రానేలేదు. నేను ఫోను చేస్తే సుజాత ఎత్తింది. "పోయిండు కదక్కా ఆసుపత్రికి," అంది. ఇంట్లో ఆసుపత్రి అని చెప్పి కార్ఖానాలో మిషను ముందే కూర్చున్నాడన్నమాట. ఆమెతో దాచలేదు, రాలేదనే చెప్పాను. ఆ రాత్రి ఇంట్లో గొడవైందట. మర్నాడు తప్పకుండా ఆసుపత్రికి వెళ్తానని ఆమెకు మాటిచ్చాడట.

మర్నాడు మధ్యాహ్నం అతని యంత్రం సిద్ధంగా పెట్టాను. షెడ్డులో చూసి రమ్మని మనిషిని పంపాను. లేడు. మళ్లీ ఎగ్గొట్టాడని కోపంతో ఆ మంచం పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు కింద క్యాజువాలిటీ నుంచి ఫోను. కొత్తగా చేరిన కుర్ర డాక్టరు.

"సిస్టర్, మీ పేషెంట్లలో ఇవాళ రాని వాళ్లు ఎవరైనా ఉన్నారా?"

కార్ఖానాలో పని చేస్తూ చేస్తూ కాళ్లు ఆడక మిషను ముందునుంచి లేవలేకపోయాడు వెంకటేశం. ముందురోజు డయాలసిస్ ఎగ్గొట్టడంతో పొటాషియం అప్పటికే పెరిగి ఉంది. చూసేవాళ్లకు అది అచ్చం ఎండదెబ్బలా ఉంటుంది. అంగీ గుండీలు విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడట. మాస్టర్ కిందికి పరుగెత్తి రెండు కొబ్బరిబొండాలు కొట్టించుకొచ్చి తాగించాడు. ఆటోలో వేసుకుని, దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రి అని మా దగ్గరికే తెచ్చాడు. "ఎండదెబ్బ సార్" అని చెప్పాడు. మంచితనంతో చేసిన పనులే అన్నీ.

ఆ ఆసుపత్రిలో నేను ఫిర్యాదు చేయని మనిషి ఆ కుర్ర డాక్టరు ఒక్కడే. ఎండదెబ్బ అన్న మాట విని సెలైన్ పెట్టి వదిలేయలేదు. ఈసీజీ తీశాడు, గీతలు చూసి అనుమానపడ్డాడు, అంగీ చెయ్యి పైకి తోశాడు, వెంటనే మాకు ఫోను చేశాడు. ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు ఇస్తూనే పైకి తీసుకొచ్చాం. వెంకటేశం నన్ను గుర్తుపట్టాడు.

"మాస్టర్‌కు చెప్పకక్క," అన్నాడు.

సూది పెట్టాను. రక్తం యంత్రంలోకి వెళ్లడం మొదలైంది. అది ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు గుండె ఆగింది. ఛాతీ నొక్కుతూనే ఉన్నాం, చాలాసేపు. తిరిగి రాలేదు.

విచారణ

తర్వాత మీటింగు పెట్టారు. పెద్ద డాక్టరు, మేనేజరు, నేను, ఇంకొందరు. "పేషెంటు జబ్బు దాచాడు. మనమేం చేస్తాం?" అన్నారు మేనేజరు.

"మన దగ్గర దాచలేదు సార్," అన్నాను. "పొద్దున షిఫ్టు ఉన్నన్నాళ్లు ఒక్కరోజు మానలేదు."

"సిస్టర్ గారూ, ఇప్పుడు ఇది మీ లెటర్ గురించి కాదు."

అది నా లెటర్ గురించే. అందులో నేను రాసిన ఎండ, బస్సు, షెడ్డు, మానేసే డయాలసిస్, అన్నీ జరిగాయి. మళ్లీ రాశాను, ఈసారి యజమానులకు. జవాబుగా నన్ను ఒక ఏడాది పాటు నైట్ డ్యూటీకి వేశారు. షెడ్డుకు ఫ్యాను వచ్చింది. షిఫ్టు నేను రిటైరయ్యేదాకా మారలేదు. ఉద్యోగంలో చేరేవాళ్లు ఇది కూడా తెలుసుకుని చేరండి. సరిగ్గా చెప్పినంత మాత్రాన వింటారని లేదు. అయినా రాయండి. రాయకపోతే, తెలియదని చెప్పుకునే వీలు వాళ్లకు మనమే ఇచ్చినట్టు.

సుజాత

ఆ సాయంత్రం శవాన్ని అప్పగించే పని పూర్తయ్యేదాకా సుజాత ఆ షెడ్డులోనే కూర్చుంది. మాస్టర్ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నేను కిందికి వెళ్లేసరికి ఆయనకు అంతా తెలిసిపోయింది.

"సిస్టర్, ఒక్క మాట నిజం చెప్పండి. మేమే చంపినమా?" అన్నాడు.

"కాదు. పొద్దున మంచం ఉన్నన్ని రోజులు మీ సోడాలు తాగి సుత బతికిండు."

"నాకు చెప్తే పని తీసేద్దునా? మిషను ఇంటికే పంపుదును, ఇంట్ల కూసోని కుట్టుకో అందును." ఆయన చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఇంతకుముందు సేఠు కూడా ఇలాంటి మాటే అన్నాడని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

సుజాత మా మాటలు విన్నది. ఏళ్ల తరబడి అతనికి నీళ్లు కొలిచి పోసిన మనిషి. బిందె ఉన్న గదికి తాళం వేసుకుని తిరిగిన మనిషి. ఆమె మాస్టర్ వైపు తిరిగింది.

"అన్నా, బొండాలు మీరు బలిమికి పట్టిచ్చిండ్రా, ఆయననే తాగిండా?"

"ఆయననే తాగిండమ్మా. గటగట తాగిండు. ఇంకోటున్నదా అన్నడు."

కొబ్బరినీళ్లు ముట్టుకోకూడదని వెంకటేశానికి తెలుసు. నేనే చెప్పాను, చాలాసార్లు చెప్పాను. మాస్టర్ ముందు వద్దనలేక తాగాడో, ఇక ఆగలేక తాగాడో నాకు తెలియదు. సుజాత అది అడగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది.

"అక్కా, రెండు బొండాలంటె కడుపు నిండుతది కదా?"

"నిండుతది," అన్నాను.

ఆమె తల ఊపింది. ఆంబులెన్సు రావడంతో లేచి నిలబడింది.